ఆముదం నుండి నైలాన్ 11: పునరుత్పాదక పాలిమర్ పరిశ్రమలో పొలం పాత్ర

నేడు వాడుకలో ఉన్న ప్లాస్టిక్కులు, కృత్రిమ నూలు, కృత్రిమ రబ్బరు వంటి పాలిమర్లలో అత్యధిక భాగం ముడి చమురు, సహజ వాయువుల నుండి తయారవుతున్నాయి. తరిగిపోయే ఈ నిక్షేపాలకు బదులుగా ఏటా పండే పంటలను ముడిసరుకుగా గ్రహించే పునరుత్పాదక పాలిమర్లపై ప్రపంచమంతటా పరిశోధన విస్తరిస్తున్నది. మొక్కజొన్న పిండి పదార్థం నుండి, చెరకు చక్కెర నుండి లభించే పాలిలాక్టిక్ ఆమ్లం వీటిలో అందరికీ తెలిసినది. అయితే అంతకు చాలా ముందే, 1940వ దశకంలో, ఫ్రాన్స్ దేశపు రసాయన శాస్త్రవేత్తలు ఆముదపు నూనె నుండి నైలాన్ 11 అనే పాలిమర్‌ను రూపొందించారు. 1950వ దశకం నుండి పారిశ్రామికంగా తయారవుతున్న ఈ పదార్థం ఇప్పుడు త్రీడీ ముద్రణ వంటి ఆధునిక తయారీ పద్ధతులలో కొత్త ప్రాధాన్యం సంపాదించుకున్నది.

ఆముదం తెలుగు నేలకు కొత్త పంట కాదు. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల చల్క నేలల్లోను, రాయలసీమ మెట్ట భూముల్లోను వర్షాధారంగా సాగవుతూ వచ్చిన పంట ఇది. ఆ గింజ ఏయే మార్పులకు లోనై పాలిమర్‌గా మారుతుంది, ఆ పాలిమర్‌కు గల ప్రత్యేకత ఏమిటి, ఈ గొలుసులో రైతు స్థానం ఎక్కడ అన్న విషయాలను విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు స్పష్టంగా గ్రహించడం అవసరం. లేనిపక్షంలో ‘జీవ ప్లాస్టిక్’ అనే మాట రైతుల్లో అకారణమైన ఆశలకు, వినియోగదారుల్లో అపోహలకు దారితీస్తుంది.

రిసినోలియిక్ ఆమ్లం ప్రత్యేకత

ఆముదపు గింజలో 45 నుండి 50 శాతం వరకు నూనె ఉంటుంది. ఆ నూనెలోని కొవ్వు ఆమ్లాలలో 85 నుండి 90 శాతం వరకు రిసినోలియిక్ ఆమ్లమే. ఒకే కొవ్వు ఆమ్లం ఇంత అధిక పాళ్లలో ఉండడం నూనెగింజల పంటలలో అరుదు. రసాయన పరిశ్రమకు ఇది గొప్ప సౌలభ్యం. వేరుచేయవలసిన ఇతర పదార్థాలు తక్కువ కావడం వలన శుద్ధి సులభమవుతుంది.

రిసినోలియిక్ ఆమ్లపు అణువులో 18 కర్బన పరమాణువులు గొలుసుగా ఉంటాయి. తొమ్మిదవ, పదవ కర్బనాల మధ్య ఒక ద్విబంధం, పన్నెండవ కర్బనంపై ఒక హైడ్రాక్సిల్ సమూహం ఉంటాయి. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలలోని ఓలియిక్ ఆమ్లంలో ద్విబంధం ఇదే స్థానంలో ఉన్నా హైడ్రాక్సిల్ సమూహం లేదు. ఆముదపు నూనె మిగిలిన నూనెల కంటె చిక్కగా ఉండడానికి, ఆల్కహాలులో కరగడానికి ఈ సమూహమే కారణం. ద్విబంధానికి సమీపంలో హైడ్రాక్సిల్ ఉండడం వలన అణువును నిర్ణీత స్థానంలో రెండు ముక్కలుగా విడగొట్టడం సాధ్యమవుతుంది. నైలాన్ 11 తయారీకి ఇదే ఆధారం.

ఓలియిక్ ఆమ్లానికి హైడ్రాక్సిల్ సమూహాన్ని చేర్చే ఎంజైముకు సంబంధించిన జన్యువును ఆముదం నుండి 1995లో గుర్తించారు. ఆ జన్యువును ఆరబిడాప్సిస్ మొక్కలోకి ప్రవేశపెట్టినప్పుడు విత్తనపు నూనెలో హైడ్రాక్సీ కొవ్వు ఆమ్లాలు సుమారు 17 శాతానికే పరిమితమయ్యాయి. ఆముదం నుండే మరొక ఎంజైము జన్యువును జోడించినప్పుడు అది 30 శాతం వరకు పెరిగింది. ఆమ్లాన్ని తయారుచేయడం ఒక్కటే చాలదు. దానిని ఎప్పటికప్పుడు నూనె అణువులో ఇమిడ్చి నిల్వచేయగల ఎంజైముల సముదాయం కూడా ఉండాలి. ఆ సముదాయం ఆముదంలో సహజంగా ఉన్నది. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమన్న సామెత ఈ మొక్కను చిన్నచూపు చూసినప్పటికీ, ఈ ఒక్క విషయంలో ఇతర పంటలేవీ దాని స్థానాన్ని భర్తీ చేయలేకపోతున్నాయి.

నూనె నుండి పాలిమర్ దాకా

నైలాన్ 11 తయారీలో ప్రధానంగా ఐదు దశలు ఉన్నాయి.

మొదటి దశలో ఆముదపు నూనెను మిథనాల్‌తో చర్య జరిపిస్తారు. నూనె విడిపోయి మిథైల్ రిసినోలియేట్, గ్లిసరాల్ ఏర్పడతాయి. గ్లిసరాల్‌ను వేరుచేసి ఇతర పరిశ్రమలకు పంపుతారు.

రెండవ దశ ఉష్ణ విచ్ఛేదనం. మిథైల్ రిసినోలియేట్‌ను నీటి ఆవిరితో కలిపి సుమారు 500 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతకు గురిచేస్తారు. అణువు పదకొండవ, పన్నెండవ కర్బనాల మధ్య విడిపోతుంది. 11 కర్బనాల ముక్క మిథైల్ అన్‌డెసిలినేట్‌గాను, 7 కర్బనాల ముక్క హెప్టనాల్ అనే ఆల్డిహైడ్‌గాను లభిస్తాయి. హెప్టనాల్ సుగంధ ద్రవ్యాల తయారీకి, కందెనల తయారీకి ఉపయోగపడుతుంది.

మూడవ దశలో మిథైల్ అన్‌డెసిలినేట్‌ను జలవిశ్లేషణ చేసి అన్‌డెసిలినిక్ ఆమ్లంగా మారుస్తారు. శిలీంధ్ర నాశినిగా చర్మపు లేపనాలలో వాడే ఆమ్లం ఇదే.

నాల్గవ దశలో ఈ ఆమ్లానికి పెరాక్సైడ్ సమక్షంలో హైడ్రోజన్ బ్రోమైడ్‌ను చేరుస్తారు. సాధారణ పరిస్థితులలో బ్రోమిన్ గొలుసు చివరి నుండి రెండవదైన పదవ కర్బనాన్ని చేరుతుంది. పెరాక్సైడ్ ఉన్నప్పుడు గొలుసు చివరి కర్బనాన్నే చేరుతుంది. ఆ తరువాత అమ్మోనియాతో చర్య జరిపి బ్రోమిన్ స్థానంలో అమైన్ సమూహాన్ని ప్రవేశపెడతారు. ఒక చివర అమైన్, మరొక చివర ఆమ్ల సమూహం గల 11-అమైనో అన్‌డెకనోయిక్ ఆమ్లం ఏర్పడుతుంది. ఇదే మోనోమర్.

ఐదవ దశలో ఈ మోనోమర్‌ను కరిగించి, ఏర్పడిన నీటిని తొలగిస్తూ వేడిచేస్తారు. ఒక అణువు అమైన్ చివర మరొక అణువు ఆమ్ల చివరతో కలిసి పొడవైన గొలుసు ఏర్పడుతుంది. ప్రతి యూనిట్‌లోను 11 కర్బనాలు ఉండడం వలన దీనికి నైలాన్ 11 అనే పేరు వచ్చింది.

రసాయన సమీకరణం ప్రకారం లెక్కించినప్పుడు, 87 శాతం రిసినోలియిక్ ఆమ్లం గల ఒక కిలో నూనె నుండి గరిష్ఠంగా అర కిలోకు కొద్దిగా పైబడి మాత్రమే పాలిమర్ లభించగలదు. 48 శాతం నూనె గల ఒక కిలో గింజల నుండి ఇది సుమారు పావు కిలో. ఏ దశలోను చర్య నూటికి నూరు శాతం పూర్తి కాదు కనుక వాస్తవంలో ఇంకా తక్కువ. పాలిమర్‌తో పాటు గ్లిసరాల్, హెప్టనాల్, పిండి వంటి ఉపఉత్పత్తులన్నిటికీ విలువ లభిస్తేనే ఈ పరిశ్రమ నిలదొక్కుకుంటుందని ఈ లెక్క తెలుపుతున్నది.

ఇదే నూనెను గాఢమైన సోడియం హైడ్రాక్సైడ్‌తో 250 డిగ్రీలకు మించిన ఉష్ణోగ్రతలో చర్య జరిపిస్తే అణువు వేరొక చోట విడిపోతుంది. అప్పుడు 10 కర్బనాల సెబాసిక్ ఆమ్లం, 8 కర్బనాల 2-ఆక్టనాల్ ఏర్పడతాయి. సెబాసిక్ ఆమ్లం నుండి నైలాన్ 6,10, నైలాన్ 10,10 తయారవుతాయి. ఒకే గింజ నుండి రెండు వేర్వేరు పాలిమర్ కుటుంబాలు లభిస్తున్నాయన్నమాట.

నైలాన్ 11 గుణాలు

నైలాన్ గొలుసులోని అమైడ్ సమూహాలు నీటిని ఆకర్షిస్తాయి. వాటి మధ్యనుండే కర్బన భాగాలు నీటిని వికర్షిస్తాయి. నైలాన్ 6లో రెండు అమైడ్ సమూహాల మధ్య 5 మిథిలిన్ సమూహాలుండగా, నైలాన్ 11లో 10 ఉంటాయి. అందువలన నైలాన్ 6 నీటిలో పూర్తిగా నానినప్పుడు తన బరువులో 9 శాతానికి పైగా నీటిని పీల్చుకోగా, నైలాన్ 11 సుమారు 2 శాతం మాత్రమే పీల్చుకుంటుంది. తేమలో దీని కొలతలు, బలం అంతగా మారవు.

దీని సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.03 గ్రాములు, నైలాన్ 6 సాంద్రత సుమారు 1.13 గ్రాములు. ద్రవీభవన స్థానం సుమారు 185 నుండి 190 డిగ్రీలు. నైలాన్ 6కు ఇది 220 డిగ్రీలు. అధిక ఉష్ణోగ్రత వద్ద పనిచేయవలసిన భాగాలకు నైలాన్ 11 అంతగా అనుకూలం కాదు. కాని ఇంధనాలు, నూనెలు, లవణాల ప్రభావాన్ని చక్కగా తట్టుకుంటుంది. చలిలోను పెళుసుబారదు. ఈ కారణాల వలన లారీల ఎయిర్ బ్రేకు గొట్టాలలో, వాహనాల ఇంధన గొట్టాలలో, సముద్ర గర్భ చమురు గొట్టాలలో, లోహపు పైపుల పూతలలో దీనిని దశాబ్దాలుగా వాడుతున్నారు.

పొరలవారీ తయారీలో స్థానం

వస్తువును చెక్కి గాని, అచ్చులో పోసి గాని తయారుచేయక, కంప్యూటర్ నమూనా ఆధారంగా పొర మీద పొరగా నిర్మించే పద్ధతిని త్రీడీ ముద్రణ అంటున్నారు. ఇందులో అనేక విధానాలు ఉన్నాయి. పాలిమర్ పొడిని లేజర్ కిరణంతో కరిగించి అతికించే విధానాన్ని అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్‌లో కార్ల్ డెకార్డ్, జో బీమన్ 1980వ దశకంలో రూపొందించారు.

ఈ విధానంలో సుమారు 0.1 మిల్లీమీటరు మందం గల పొడి పొరను పరచి, ద్రవీభవన స్థానానికి కొద్ది డిగ్రీల దిగువన వేడిగా ఉంచుతారు. కరగడానికి కావలసిన మిగిలిన వేడిని లేజర్ అందిస్తుంది. కిరణం సోకిన చోట పొడి కరిగి అతుక్కుంటుంది. దానిపై మరొక పొర పరుస్తారు. కరగని పొడి చుట్టూ ఆధారంగా నిలుస్తుంది. దానిని చివరకు తీసి, కొత్త పొడితో కలిపి తిరిగి వాడవచ్చు.

ఈ పనికి ఏ పాలిమర్ అయినా సరిపోదు. కరిగిన పదార్థం చల్లబడినప్పుడు వెంటనే గట్టిపడితే పొరలు వంకరపోతాయి. ద్రవీభవన ఉష్ణోగ్రతకు, తిరిగి స్ఫటికీకరణ మొదలయ్యే ఉష్ణోగ్రతకు మధ్య తగినంత అంతరం ఉండాలి. నైలాన్ 12, నైలాన్ 11 రెండింటిలోను ఈ గుణం ఉన్నది. ఎక్కువగా వాడుకలో ఉన్నది పెట్రోలియం మూలం గల నైలాన్ 12. దానితో పోలిస్తే నైలాన్ 11తో చేసిన భాగాలు తెగే ముందు ఎక్కువగా సాగుతాయి, దెబ్బలను మెరుగ్గా తట్టుకుంటాయి. అందువలన కృత్రిమ అవయవాల తొడుగులు, పదే పదే వంగే బిగింపులు, డ్రోన్ భాగాలు వంటి వాటికి దీనిని ఎంచుకుంటున్నారు.

వ్యవసాయ యంత్రాల పరిశోధనకు కూడా ఈ పద్ధతి ఉపయోగకరం. విత్తే యంత్రాలలో గింజలను ఒక్కొక్కటిగా జారవిడిచే పళ్లాలు పంటను బట్టి, గింజ పరిమాణాన్ని బట్టి మారవలసి ఉంటుంది. పది, ఇరవై నమూనాల కోసం అచ్చు చేయించడం ఖర్చుతో కూడిన పని. త్రీడీ ముద్రణలో అచ్చుతో నిమిత్తం లేకుండా ఒక్కొక్క నమూనాను తయారుచేసి పరీక్షించవచ్చు.

ముడిసరుకు ఒకే మూలంపై ఆధారపడితే కలిగే ప్రమాదం 2012లో వెల్లడైనది. ఆ సంవత్సరం మార్చి 31న జర్మనీలోని మార్ల్ పట్టణంలో నైలాన్ 12కు అవసరమైన రసాయనాన్ని తయారుచేసే కర్మాగారంలో పేలుడు సంభవించి ఇద్దరు కార్మికులు మరణించారు. ఆ పాలిమర్ సరఫరా దెబ్బతిని వాహన పరిశ్రమ ప్రత్యామ్నాయాల కోసం వెదకవలసి వచ్చింది. అటువంటి ప్రత్యామ్నాయాలలో నైలాన్ 11 ఒకటి. అయితే నైలాన్ 11 ముడిసరుకు కూడా ప్రధానంగా ఒకే దేశంలోని ఒకే రాష్ట్రం నుండి లభిస్తున్నదన్న సంగతి మరువరాదు.

పునరుత్పాదకం వేరు, జీవ విచ్ఛిన్నం వేరు

పంట నుండి తయారైన ప్లాస్టిక్ నేలలో కుళ్లిపోతుందనే అభిప్రాయం విస్తృతంగా ఉన్నది. ఇది సరికాదు. పాలిమర్ ముడిసరుకు ఎక్కడిది అన్నది ఒక ప్రశ్న. వాడకం ముగిసిన తరువాత సూక్ష్మజీవులు దానిని విచ్ఛిన్నం చేయగలవా అన్నది మరొక ప్రశ్న. రెండవ దానికి సమాధానం అణు నిర్మాణంపై ఆధారపడుతుంది గాని, మూలంపై కాదు.

నైలాన్ 11లోని కర్బనం మొత్తం మొక్క నుండి వచ్చినదే. అయినా అది నేలలో కుళ్లదు. కుళ్లకపోవడమే ఇంధన గొట్టంగా దానికి గల యోగ్యత. చెరకు ఇథనాల్ నుండి చేసిన పాలిథీన్ కూడా మామూలు పాలిథీన్ వలెనే నేలలో మిగిలిపోతుంది. పాలిలాక్టిక్ ఆమ్లం మొక్క నుండి వచ్చినదే, కుళ్లుతుంది కూడా. కాని దానికి సుమారు 60 డిగ్రీల వేడి గల పారిశ్రామిక కంపోస్టు పరిస్థితులు కావాలి. పి.బి.ఎ.టి. అనే పాలిమర్ ప్రధానంగా పెట్రోలియం నుండి తయారైనా జీవ విచ్ఛిన్నం చెందుతుంది. మల్చింగ్ షీట్ల విషయంలో రైతులకు సలహా ఇచ్చేటప్పుడు ఈ భేదం కీలకం. ‘మొక్కల నుండి చేసినది’ అన్న ముద్ర చూసి షీటును పొలంలో దున్నివేస్తే అది ముక్కలై నేలలోనే ఉండిపోవచ్చు.

పాలిమర్‌లోని కర్బనం మొక్కలదా, పెట్రోలియందా అన్నది కర్బనం-14 కొలత ద్వారా నిర్ధారిస్తారు. ఇటీవల పెరిగిన మొక్కలలో ఈ ఐసోటోపు ఉంటుంది. కోట్ల సంవత్సరాల నాటి చమురులో అది పూర్తిగా క్షీణించి ఉంటుంది.

పొలం వద్ద పరిస్థితి

ప్రపంచ ఆముదపు గింజల ఉత్పత్తిలో 80 శాతానికి పైగా భారతదేశానిది. అందులో సింహభాగం గుజరాత్‌ది. రాజస్థాన్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలోను పంట సాగవుతున్నది. గుజరాత్ శాస్త్రవేత్తలు 1968లో విడుదల చేసిన జి.సి.హెచ్. 3 ప్రపంచంలోనే తొలి వాణిజ్య ఆముదపు హైబ్రిడ్. ఆముదపు గెలలో సాధారణంగా దిగువన మగ పూలు, ఎగువన ఆడ పూలు ఉంటాయి. కేవలం ఆడ పూలనే పూచే వరుసల వలన హైబ్రిడ్ విత్తనోత్పత్తి సులభమైనది.

గుజరాత్‌లో సగటు దిగుబడి హెక్టారుకు సుమారు 2 టన్నులు. తెలుగు రాష్ట్రాలలో ఇది చాలా తక్కువ. రైతు శ్రద్ధలో లోపం దీనికి కారణం కాదు. గుజరాత్‌లో పంట అధిక భాగం నీటి పారుదల కింద, హైబ్రిడ్లతో, పొడి శీతాకాలంలో గెలలు వచ్చేలా సాగవుతుంది. తెలంగాణ చల్క నేలల్లో వర్షాధారంగా విత్తిన ఖరీఫ్ పంట గెలవేసే సమయంలో ముసురు పట్టితే బూజు తెగులు కాయలను ఆశించి కొద్ది రోజులలోనే గెలలను నాశనం చేస్తుంది. వాన ఆలస్యమైతే బెట్ట, ముసురైతే బూజు, రెండూ లేని ఏట దాసరి పురుగు. ఈ అనిశ్చితి వలన రైతులు పత్తి, మొక్కజొన్న వైపు మొగ్గు చూపారు.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థ రూపొందించిన జ్యోతి, డి.సి.హెచ్. 519, పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం రూపొందించిన క్రాంతి, హరిత, పి.సి.హెచ్. 111 వంటి రకాలు, హైబ్రిడ్లు ఈ ప్రాంతానికి అందుబాటులోకి వచ్చాయి. పరిమిత నీటి వసతి గల చోట రబీలో విత్తితే గెలలు పొడి వాతావరణంలో రావడం వలన బూజు తెగులు బెడద తగ్గుతుంది.

ధర విషయం దిగుబడి కంటె జటిలమైనది. ఆముదం కేంద్ర ప్రభుత్వ కనీస మద్దతు ధరల జాబితాలో లేదు. గింజల ధర ఎగుమతి గిరాకీని, గుజరాత్ పంట విస్తీర్ణాన్ని, వాయిదా మార్కెట్‌ను అనుసరించి మారుతుంది. దేశం నూనెను, కొన్ని ఉత్పన్నాలను ఎగుమతి చేస్తుండగా నైలాన్ 11 మోనోమర్ తయారీ ఫ్రాన్స్‌లో అభివృద్ధి చెందినది. కాబట్టి కిలో పాలిమర్ ధర చూసి గింజల ధరను ఊహించడం తగదు.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశాలు

మొదటిది, నాణ్యత. నూనె పరిశ్రమకు కావలసినది పూర్తిగా పండిన, ఎండిన, పగలని గింజ. ఆముదపు గింజలో కొవ్వును విడగొట్టే లైపేజ్ ఎంజైము ఉంటుంది. గింజ పగిలి తేమ తగిలితే అది చురుకై నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలను పెంచుతుంది. గెలలన్నీ ఒకేసారి పక్వానికి రావు కనుక, పక్వమైన గెలలను దఫదఫాలుగా కోయడం, బాగా ఎండిన తరువాతే నూర్చడం, పచ్చి గెలలను కలపకపోవడం అవసరం.

రెండవది, రకం ఎంపిక. రిసినోలియిక్ ఆమ్లం శాతం ఆముదంలో సహజంగానే స్థిరంగా ఉంటుంది. దాని కోసం రైతు ప్రత్యేకంగా చేయవలసినది లేదు. ఎండు తెగులును తట్టుకోగలగడం, నేలకు, వానకు తగిన కాలపరిమితి, వదులైన గెల అన్నవే నిర్ణయాత్మకం. గెల బిగువుగా ఉన్న రకాలలో తేమ నిలిచి బూజు తెగులు ఉధృతమవుతుంది.

మూడవది, భద్రత. గింజలోని రిసిన్ అనే ప్రోటీన్ అత్యంత విషపూరితం. అది నూనెలోకి రాదు, పిండిలో మిగిలిపోతుంది. సుమారు 4 శాతం నత్రజని గల ఆముదపు పిండి చక్కని సేంద్రియ ఎరువు. కాని పశువులకు దాణాగా పెట్టరాదు. ఎరువుగా వేసిన పొలంలోకి, నిల్వచేసిన కొట్టంలోకి పశువులు, కుక్కలు రాకుండా చూడాలి.

నాల్గవది, సుస్థిర సాగు ధ్రువీకరణ. పునరుత్పాదక పాలిమర్ కొనే సంస్థలు పంట ఎలా పండినదో కూడా అడుగుతున్నాయి. గుజరాత్‌లో 2016లో ప్రారంభమైన ‘ప్రగతి’ కార్యక్రమం ఆముదపు రైతులకు మెరుగైన సాగు పద్ధతులు, నీటి పొదుపు, సురక్షిత మందుల వాడకంపై శిక్షణనిస్తూ ధ్రువీకరణ కల్పిస్తున్నది. తెలుగు ప్రాంతపు రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఈ మార్గాన్ని పరిశీలించవచ్చు. అయితే ధ్రువీకరణకయ్యే శ్రమకు తగిన అదనపు ధర ఎవరు, ఎంత చెల్లిస్తారో ముందుగా తేల్చుకున్న తరువాతే రైతులను అందులో చేర్చాలి.

ముగింపు

నైలాన్ 11 తయారీలో అత్యంత కఠినమైన పని, అంటే 18 కర్బనాల గొలుసులో పన్నెండవ కర్బనంపై ఒక హైడ్రాక్సిల్‌ను నిలపడం, కర్మాగారంలో జరగడం లేదు. పొలంలో, సాధారణ ఉష్ణోగ్రత వద్ద, గింజ నిండే రోజులలో జరుగుతున్నది. పరిశ్రమ ఆ పనిని అనుకరించలేకపోతున్నది. కనుక పాలిమర్ పునరుత్పాదకం కావాలంటే పంట కూడా ఏటా రైతు మళ్లీ విత్తదగినదై ఉండాలి. బూజు తెగులును తట్టుకునే రకాలు, నమ్మదగిన విత్తన సరఫరా, స్థానికంగా నూనె తీసే వసతి, ముందస్తు కొనుగోలు ఒప్పందాలు లేకుండా ఆముదపు విస్తీర్ణాన్ని పెంచమని సలహా ఇవ్వడం నష్టాన్ని రైతుపై మోపడమే అవుతుంది. పదార్థ విజ్ఞానంలో వచ్చిన ఈ అవకాశాన్ని పొలం దాకా చేర్చే ముందు, ఈ నాలుగింటిలో ఏవి తమ ప్రాంతంలో ఉన్నాయో, ఏవి లేవో విస్తరణ శాస్త్రవేత్తలు పరిశీలించి తెలియజేయడం ప్రయోజనకరం.